చేతులు మారినా పేరు మారని లారీ
పాత బళ్ళ బేరాల్లో చిక్కుకుపోతున్న పల్లె కుటుంబాలు

విజయవాడ: ఆటోనగర్‌లో పొద్దున్నే టీ బడ్డీల దగ్గర చేరే లారీ జనం మాటల్లో మూడు సంగతులు తప్పకుండా దొర్లుతుంటాయి. ట్రెయిలరు తోలడానికి విమానమెక్కి గల్ఫ్ దేశాలకు పోయిన కుర్రాళ్ళ కబుర్లు ఒకటి. పొరుగు రాష్ట్రాల్లో పాత లారీ కొని, రెండు మూడు రాత్రులు రోడ్డు పక్కనే స్టవ్ వెలిగించి వండుకు తింటూ ఇంటికి తోలుకొచ్చిన వారి ముచ్చట్లు రెండోది. మూడోది అన్నిటికన్నా ఎక్కువసేపు సాగుతుంది. ఏ బండి ఎంతకు పోయింది, ఎవరు కొన్నారు, ఎన్ని టైర్లు మంచివి, ఇంజిను ఎప్పుడు విప్పారు అన్న మాటలతో టీ చల్లారిపోతుంది. కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయన్న ప్రశ్న మాత్రం ఎప్పుడోగాని రాదు. వచ్చినా “మనోడే కదా బావా, తర్వాత చూసుకుందాం” అన్న జవాబుతో ఆగిపోతుంది.

ఆ తర్వాత చూసుకోకపోవడం వల్లనే జిల్లాలో పొలం, ఇల్లు తాకట్టు పెట్టి లారీ కొన్న కుటుంబాలు, లారీ అమ్మేసి చేతులు దులుపుకున్నామనుకున్న కుటుంబాలు కూడా కోర్టు నోటీసులు అందుకోవలసి వస్తోంది. లారీ పోయినా లారీ తెచ్చిన బాధ్యత పోదన్న సంగతి చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తోంది.

జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం బూడిద, మైలవరం, విస్సన్నపేట, తిరువూరు ప్రాంతాల్లో మామిడి, కొండల దగ్గర కంకర క్వారీలు ఉన్న జిల్లా ఇది. నాలుగెకరాల రైతు కొడుకు క్లీనరుగా చేరి, డ్రైవరై, పదేళ్ళకు సొంతంగా ఒక పాత బండి కొనడం ఇక్కడ ఎన్నో ఇళ్ళలో జరిగిన కథే. కొత్త బండి వారికి అందేది కాదు. మొదటి బండి ఎప్పుడూ పాతబండే.

పాత బండికి ఈ ఊళ్ళలో ఉన్న మర్యాద ఇప్పటిది కాదు. టాటా కంపెనీ 1954లో జర్మనీకి చెందిన మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా “బెంజి లారీ” అన్న మాట పల్లెల్లో చాలాకాలం నిలిచింది. విజయవాడలో బెంజ్ సర్కిల్‌కు ఆ పేరు ఈ లారీల కంపెనీ వల్లనే వచ్చిందని పెద్దలు చెబుతారు. 1980 దశకంలో జపాను కంపెనీలతో కలిసి చిన్న లారీలు వచ్చాయి. మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్, ఉత్తరాదిన డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా అలా పుట్టినవే. ఆల్విన్ నిస్సాన్‌ను 1989లో మహీంద్రా వారు తీసుకున్నారు. డీసీఎం టయోటా అన్న కంపెనీయే ఇప్పుడు లేదు. అయినా ఏ కంపెనీ మధ్యరకం వ్యాను కనబడినా “డీసీఎం” అనే పిలుస్తున్నారు. కంపెనీ పోయినా పేరు పోలేదన్న మాట. లారీ యజమాని విషయంలోనూ అచ్చంగా ఇదే జరుగుతోంది.

పాత బండికి గిరాకీ ఎందుకు?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాల బళ్ళు తప్ప వేరేవి కొత్తగా రిజిస్టరు చేయడం లేదు. పొగ తగ్గించడానికి ఈ బళ్ళలో కంప్యూటరు పెట్టె, సెన్సార్లు, సైలెన్సరు దగ్గర మరో యంత్రాంగం వచ్చి చేరాయి. చాలా లారీల్లో డీజిలుతోపాటు 32.5 శాతం యూరియా కలిసిన ద్రవం కూడా పోయాలి. అది అయిపోతే బండి లాగదు. ఇదంతా గాలికి మంచిదే, కాదనేవారు లేరు. కాని ధర పెరిగింది. ఊళ్ళో మెకానిక్కు చేయి పెట్టడానికి వీలులేకుండా పోయింది. పాత లారీలో డీజిలు పంపు పాడైతే మిస్త్రీ విప్పి, కడిగి, బిగించి సాయంత్రానికి బండి కదిలించేవాడు. కొత్త బండిలో ఎర్ర దీపం వెలిగితే కంపెనీ షెడ్డుకు పోవలసిందే. 2025లో లారీ క్యాబిన్లకు ఏసీ కూడా తప్పనిసరి చేశారు. డ్రైవర్లు ఎండాకాలంలో పడే బాధ చూసినవారికి ఇది ఎప్పుడో రావలసిన నిబంధన అనిపిస్తుంది. అయితే ఆ ఖర్చూ బండి ధరలోనే కలుస్తుంది.

అందుకే బీఎస్-4, అంతకుముందటి బళ్ళ వెంట జనం పడ్డారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త లారీలపై జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. కొత్త బండి ధర దిగితే పాత బండి ధర కూడా దిగక తప్పదు. అంతకుముందు పాత లెక్కన కొన్నవారికి ఇది కొంత దెబ్బే. అయినా ఒకేసారి పాతిక, ముప్పయి లక్షలు పెట్టలేని వారికి పాత బండి తప్ప దారి లేదు.

పాత బళ్ళ వ్యాపారులపై పన్ను విషయంలోనూ ఊళ్ళలో అపోహ ఉంది. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించిన 18 శాతం పన్ను జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి వచ్చే లాభం మీద మాత్రమే. రిజిస్ట్రేషన్ లేని రైతు తన బండిని మరొకరికి అమ్ముకుంటే అది వర్తించదు. “జీఎస్టీ కట్టాలి, అందుకే తగ్గించి రాద్దాం” అని మధ్యవర్తి చెబితే నమ్మనవసరం లేదు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు

బేరం ఎలా జరుగుతుందో ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. బండి చూస్తారు. ఇంజిను వేడెక్కకముందే స్టార్టు చేయించి పొగ రంగు చూస్తారు. నూనె మూత తీసి అక్కడ పొగ తన్నుతోందా అని చేయి పెట్టి చూస్తారు. కమాను కట్టలు, హౌసింగు, తొట్టి అడుగు పలకలు తడతారు. టైర్లలో ఎన్ని రీట్రెడింగువో లెక్కపెడతారు. ఇంత జాగ్రత్తగా చూసినవారే కాగితాల దగ్గరకు వచ్చేసరికి పది నిమిషాల్లో ముగిస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అమ్మకం పత్రం రాసుకుంటారు. ఫారం 29, ఫారం 30 ఖాళీగా ఉంచి అమ్మినవారిచేత సంతకాలు చేయిస్తారు. ఆధార్ నకలు ఇస్తారు. డబ్బు చేతులు మారుతుంది, తాళం చేతులు మారుతుంది. ఆర్సీలో పేరు మాత్రం మారదు.

పేరు మార్చుకోకపోవడానికి కొన్నవారి కారణాలు వారికున్నాయి. ఏడాది తిప్పి మళ్ళీ అమ్మేసేవాడికి మధ్యలో తన పేరు ఎక్కించుకోవడం దండగ ఖర్చు. మధ్యవర్తికి అసలే అక్కరలేదు. ఆర్సీలో ఒక పేరు తగ్గితే బండి ధర కాస్త పెరుగుతుంది కూడా. త్రైమాసిక పన్ను బాకీ ఉంటే, చలానాలు మిగిలి ఉంటే, ఫిట్‌నెస్ అయిపోయి ఉంటే పేరు మార్పుకు ముందు అవన్నీ తేల్చాలి. ఆ భారం ఎవరిదన్న తగవు తెగక వాయిదా పడేవి కొన్ని. ఇలా ఖాళీ ఫారాలు ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి, అక్కడినుంచి మరో జిల్లాకు పోతూ ఉంటాయి. చివరి మనిషి ఎవరో మొదట సంతకం చేసినవారికి తెలియదు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి. వేరే రాష్ట్రానికి పోయే బండి అయితే నిరభ్యంతర పత్రంతో సహా 45 రోజుల్లోగా. కొన్నవారు 30 రోజుల్లోగా తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఫారం 29 అమ్మినవారు ఇచ్చే సమాచారం, ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు. బాధ్యత ఇద్దరి మీదా ఉంది. కాని మన దగ్గర రెండు ఫారాలూ ఒకే కవరులో పెట్టి కొన్నవారి చేతికే ఇస్తున్నారు. అమ్మినవారు తమ ఫారాన్ని తామే ఆఫీసుకు చేర్చాలన్న ఆలోచనే లేదు. అసలు చిక్కంతా ఈ ఒక్క అలవాటులో ఉంది.

సుప్రీంకోర్టు ఏమంది?

అమ్మేసిన బండికి ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరివ్వాలి? దీనిపై 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును లారీ ఉన్న ప్రతి ఇంటివారూ తెలుసుకోవలసి ఉంది. ఆ కేసులో బండి లారీ కాదు, కారు. యజమాని 2007లో అమ్మేశాడు. అది ఒకరి తర్వాత ఒకరి చేతికి మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. రిజిస్ట్రేషను మాత్రం మొదటివాడి పేరు మీదే ఉండిపోయింది. చట్టం దృష్టిలో యజమాని అంటే ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారేనని, పరిహారం బాధ్యత వారిదేనని కోర్టు తేల్చింది. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం, బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాలనడం న్యాయం కాదన్నది అందులోని తర్కం. బాధితుల వైపు నుంచి చూస్తే ఇది సబబైన మాటే.

అమ్మినవారి వైపు నుంచి చూస్తే గుండె గుభేలుమంటుంది. ఒక రైతు నాలుగేళ్ళ కిందట పది టైర్ల లారీ అమ్మి ఆ డబ్బుతో కూతురి పెళ్ళి చేశాడనుకుందాం. లారీ ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ఆయనకు తెలియదు. బీమా అయిపోయింది. ఏ హైవే మీదో రాత్రిపూట మోటారు సైకిలును గుద్దింది. పోలీసులు ఆర్సీ చూసి ఆయన ఇంటికే వస్తారు. ట్రిబ్యునల్ నోటీసు ఆయనకే వస్తుంది. స్టాంపు కాగితం చూపించి కొన్నవాడి మీద వేరే దావా వేసుకోవచ్చు గాని, ముందు పరిహారం భారం ఆయన మీదే పడుతుంది. అనుమతి లేని ఇసుకతోనో, రేషను బియ్యంతోనో ఆ లారీ పట్టుబడినా మొదటి నోటీసు ఆ ఇంటికే.

ఇదే సూత్రం ఇంకో రకంగా మేలు చేసిన సందర్భమూ ఉంది. అమ్మకానికి ఒప్పందం జరిగి, పేరు మారకుండానే ప్రమాదానికి గురైన లారీకి బీమా డబ్బు ఇవ్వబోమని కంపెనీ మొండికేసిన కేసులో, రిజిస్ట్రేషను ఎవరి పేరునుంటే వారే యజమాని కనుక ఆయనకు పరిహారం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు 2020 జూన్‌లో తీర్పు చెప్పింది. కాని ఆ తీర్పు వచ్చేసరికి ఏళ్ళు గడిచాయి. అన్నేళ్ళు కిస్తీలు ఆగవు.

బీమా గురించి మరొక మాట. బండి చేతులు మారినప్పుడు ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ బీమా, 157వ సెక్షను కింద కొన్నవారికి దానంతటదే సంక్రమిస్తుంది. 14 రోజుల్లో కంపెనీకి తెలియజేసి పాలసీలో పేరు మార్పించుకోవాలి. సొంత బండికి జరిగే నష్టానికి ఉన్న బీమా మాత్రం అలా దానంతటది రాదు. కంపెనీవారు పేరు మార్చి రాసిస్తేనే వస్తుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 12 టన్నులు దాటి 20 టన్నుల వరకున్న లారీకి థర్డ్ పార్టీ ప్రీమియమే రూ. 35,313. ఇంత కట్టి, పాలసీలో పేరు మార్చుకోకపోవడం వింతే. పర్మిటు సంగతీ అంతే. బండి కొన్నంత మాత్రాన పర్మిటు వెంట రాదు, అధికారి అనుమతితో మార్పించుకోవాలి. పర్మిటు లేని బండి ప్రమాదం చేస్తే బీమా కంపెనీ బాధితులకు ముందు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చునని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కిస్తీల మీద ఉన్న బండి

జిల్లాలో జరుగుతున్న బేరాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది “కిస్తీలు నువ్వు కట్టుకో” బేరం. అమ్మేవాడికి ఫైనాన్సు కంపెనీకి ఇంకా బాకీ ఉంటుంది. కొనేవాడు కొంత డబ్బు చేతికిచ్చి, మిగతా కిస్తీలు తాను కడతానంటాడు. కంపెనీకి చెప్పరు. ఆర్సీలో ఫైనాన్సరు పేరున్నంతకాలం వారి సమ్మతి లేకుండా పేరు మార్పు జరగదు. కనుక లారీ కొన్నవాడిది కాదు, అమ్మినవాడికి బాకీ తీరదు.

తర్వాత జరిగేది ఊహించవచ్చు. వానాకాలంలో రెండు నెలలు కిరాయి లేక కిస్తీ ఆగితే కంపెనీ మనుషులు దారిలో బండి పట్టుకుని యార్డుకు తోలుకుపోతారు. కొన్నవాడు “నా లారీ” అనడానికి కాగితం లేదు. అటు అమ్మినవాడి చెక్కులు బౌన్సై కేసు ఆయన మీద పడుతుంది. ఒకే ఊరి రెండు కుటుంబాలు, కొన్నిచోట్ల వియ్యంకులు కూడా మాటలు మానుకున్నారు. “మామయ్యా, నీ కిస్తీ నేను కడతానన్నాను గాని నీ వడ్డీ నాకు చెప్పలేదుగా” అని అల్లుడు నిలదీస్తే ఆ మామ చెప్పగలిగిందేముంటుంది?

వడ్డీ లెక్క కూడా పల్లెవారిని మోసపుచ్చేదిగానే ఉంటోంది. పాత బండికి పది లక్షల అప్పు, మూడేళ్ళు, “పది శాతమే” అంటారు. ఇది ఫ్లాటు వడ్డీ అయితే మొత్తం మూడు లక్షల వడ్డీ కలిపి 36 కిస్తీలు, నెలకు రూ. 36,111 పడుతుంది. ప్రతి నెలా అసలు కొంత తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి పది లక్షల మీదే లెక్క కడతారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది దాదాపు 18 శాతం. సహకార సంఘంలో పంట రుణం తీసుకునే రైతు పావలా వడ్డీ దగ్గర గీచి గీచి బేరమాడతాడు, లారీ దగ్గర మాత్రం నెల కిస్తీ ఎంతన్నదొక్కటే అడుగుతాడు.

అప్పు పూర్తిగా తీరాక కూడా కథ ముగియదు. ఫైనాన్సు కంపెనీ ఇచ్చే నో డ్యూ పత్రం, ఫారం 35 పట్టుకెళ్ళి ఆర్సీలో వారి పేరు కొట్టేయించాలి. చాలామంది నో డ్యూ పత్రం బీరువాలో పెట్టి ఊరుకుంటున్నారు. అయిదేళ్ళ తర్వాత అమ్ముదామంటే ఆ కంపెనీ వేరే కంపెనీలో కలిసిపోయి, ఎవరిని అడగాలో తెలియక తిరుగుతున్నారు. యార్డు వేలంలో బండి కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫైనాన్సరు పట్టుకున్న బండికి ఆర్సీ వారి పేరున తెచ్చుకునే పద్ధతి ఫారం 36లో ఉంది. ప్రభుత్వ వేలంలో కొన్నదానికి ఫారం 32. వేలం రసీదు ఒక్కటే చేతిలో పెట్టి “మిగతాది మీరే చూసుకోండి” అంటే, పాత పన్ను బాకీలు, చలానాలు కూడా కొన్నట్టే.

ఫిట్‌నెస్ ఫీజు బెడద

లారీకి కొత్తలో రెండేళ్ళు, తర్వాత ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండేళ్ళకోసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలి. పల్లెల్లో ఇప్పటికీ “బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించడం” అనే అంటారు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు కళ్ళకు బదులు యంత్రాలు బ్రేకులు, పొగ, దీపాలు కొలిచే కేంద్రాలు వస్తున్నాయి. యంత్రానికి మొహమాటం ఉండదు. బ్రేకు సరిగా లేని లారీ రోడ్డెక్కకపోవడం అందరికీ మంచిదే.

తగవు ఫీజు దగ్గర వచ్చింది. 15 ఏళ్ళు దాటిన భారీ లారీకి ఫీజును రూ. 12,500గా పెడుతూ కేంద్రం 2021లో నోటిఫికేషను ఇచ్చింది. 2025 నవంబరులో వయసును బట్టి పది ఏళ్ళు, పదిహేను ఏళ్ళు, ఇరవై ఏళ్ళు దాటిన బళ్ళంటూ తరగతులు చేసి, 20 ఏళ్ళు దాటిన భారీ లారీకి రూ. 25 వేలుగా నిర్ణయించింది. రాష్ట్రంలో లారీ యజమానులు దీనిపై గట్టిగా నిరసన తెలిపారు. పాత బళ్ళను తుక్కుకు పంపి కొత్తవి కొనిపించాలన్నది 2021లో ప్రకటించిన తుక్కు విధానం ఉద్దేశం. గుర్తింపు పొందిన కేంద్రంలో బండిని తుక్కుకిస్తే వచ్చే పత్రంతో కొత్త రవాణా బండి పన్నులో 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చునని అందులో ఉంది.

వందల లారీలున్న కంపెనీకి ఈ విధానంతో ఇబ్బంది లేదు. వారు ఏడెనిమిదేళ్ళకే బండి అమ్మేస్తారు. ఆ బండిని కొనేది ఒంటి లారీ యజమాని. ఆయన చేతికి వచ్చేసరికే దానికి పదేళ్ళు నిండుతాయి, పెరిగిన ఫీజు ఆయన నెత్తినే పడుతుంది. తుక్కుకిచ్చి కొత్తది కొందామంటే రాయితీ కొత్త బండి కొనగలవాడికే గాని ఆయనకు కాదు. ఫీజు పెంచినవారు ఈ తేడాను గమనించినట్టు కనబడదు. బండి వయసును కాక బండి స్థితిని చూడాలన్న యజమానుల వాదనలో న్యాయముంది. అయితే ఫీజు ఎక్కువని ఫిట్‌నెస్ లేకుండా రాత్రిళ్ళు తిప్పడం మాత్రం ఆత్మహత్యతో సమానం. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట వెతికేది ఆ కాగితమే.

టన్నుల విషయం కూడా కొనేముందే చూసుకోవాలి. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. ఆరు టైర్ల లారీకి 16.2 టన్నుల నుంచి 18.5, పది టైర్ల లారీకి 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. కాని కొంటున్న బండి ఆర్సీలో ఏ అంకె రాసి ఉందన్నదే ముఖ్యం. అధిక లోడుకు రూ. 20 వేలు, పైన ప్రతి టన్నుకు రూ. 2 వేలు జరిమానా అని 2019 సవరణ చట్టం చెబుతోంది. నెల కిరాయి ఒక్క తనిఖీలో పోతుంది.

పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే బళ్ళు

తమిళనాడులోని నామక్కల్ వైపు నుంచి, మహారాష్ట్ర నుంచి బళ్ళు తెచ్చుకోవడం కొత్తేమీ కాదు. అక్కడ ధర కాస్త తక్కువని, బండి బాగుంటుందని నమ్మకం. ఇదివరకు రైల్లో పోయేవారు, ఇప్పుడు గన్నవరంలో విమానమెక్కి పోయి బండిమీద వచ్చేవారూ ఉన్నారు. పోయేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు మూడు రోజులు. ఆ మూడు రోజులే ప్రమాదకరం. ఫిట్‌నెస్ ఎప్పటివరకుందో, బీమా ఉందో లేదో చూసుకోకుండా ఖాళీ బండే కదా అని బయలుదేరుతున్నారు. ఖాళీ బండి గుద్దినా మనిషి పోతాడు. రాత్రి దాబా దగ్గర బండి పక్కన వంట చేసుకుని పడుకునేవారు, పడుకునే ముందయినా ఆ కాగితాలు ఒకసారి చదువుకోవడం మంచిది.

పొరుగు రాష్ట్రం బండికి అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 కింద నిరభ్యంతర పత్రం రావాలి. ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. ఈ ఖర్చు లెక్కేస్తే అక్కడ మిగిలిందనుకున్నది ఇక్కడ పోతుంది.

నంబరు ప్లేటు ఎక్కడిదన్నదీ ఆలోచించాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్ళ అమ్మకాన్ని సుప్రీంకోర్టు నిలిపేసింది. అలా అమ్మకానికి పనికిరాకుండా పోయిన లారీలను తుక్కుగా కొని, నాగాలాండులో బీఎస్-4 బళ్ళుగా రిజిస్టరు చేయించి, తర్వాత అనంతపురం జిల్లాకు తెచ్చి తిప్పారన్న ఆరోపణపై 2020లో కేసులు నమోదయ్యాయి. ఆ వ్యవహారంలో ఎవరు దోషులన్నది కోర్టుల పని. కొనేవారు గ్రహించవలసింది వేరు. ఆర్సీ అసలైనదే, ముద్ర అసలైనదే, అయినా బండి పుట్టుకే తప్పు కావచ్చు. బండి తయారైన నెల, ఛాసిస్ నంబరు, ఆర్సీలోని ప్రమాణం ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఛాసిస్ మీద కొట్టిన నంబరును గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడాలి. దాని చుట్టూ కొత్తగా రంగు వేసి ఉన్నా, అక్షరాలు వంకర పోయినా బేరం అక్కడితో ఆపేయడమే ఉత్తమం.

ఇందులో చాలా భాగం చదువుకున్న కుర్రాడు ఇంటి దగ్గరే చూడగలడు. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, బీమా, ఫైనాన్సు ఉన్నదీ లేనిదీ కనబడుతుంది. చలానాలు కూడా చూడవచ్చు. మధ్యవర్తి మాటకన్నా ఇది నయం.

మధ్యవర్తుల విషయంలో కేంద్రం 2022 డిసెంబరులో ఒక మంచి నిబంధనే తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. పాత బళ్ళ వ్యాపారి రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. బండి తన దగ్గరకు వచ్చినట్టు యజమానితో కలిసి శాఖకు తెలియజేస్తే, అప్పటినుంచి ఆ బండికి బాధ్యత వ్యాపారిదే. అమ్మినవారికి ఇంతకన్నా రక్షణ ఏముంటుంది? కాని ఊళ్ళలో బేరాలు కుదిర్చేవారిలో ఈ పత్రం ఉన్నవారు ఎందరో అడిగి చూస్తే తెలుస్తుంది. నిబంధన వచ్చినట్టు అమ్మేవారికి తెలియదు, తెలిసిన వ్యాపారి చెప్పడు. రవాణా శాఖవారు రోడ్డు భద్రతా వారోత్సవాల్లో హెల్మెట్ల గురించి చెప్పినట్టే, లారీలు ఎక్కువగా ఉన్న జగ్గయ్యపేట, నందిగామ, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల ఈ సంగతీ చెప్పవలసి ఉంది.

యజమాని చనిపోతే

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. లారీ యజమాని చనిపోతే ఆయన వారసులు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. మూడు నెలల వరకు ఆ బండిని తిప్పుకోవచ్చు. ఆలోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. పర్మిటు మార్పుకు వేరే దరఖాస్తు ఉంటుంది. మన ఊళ్ళలో పెద్దకర్మ అయిన మర్నాడే అన్న బండిని తమ్ముడు తోలడం మొదలుపెడతాడు. వదినగారి పేరు మీదకు మార్చాలా, పిల్లల పేర పెట్టాలా అన్న మాట ఇంట్లో ఎత్తడానికే మొహమాటం. ఏడాది గడిచాక కిస్తీలు కట్టింది తమ్ముడు, వారసత్వం వదినది, ఆర్సీలో పేరు చనిపోయిన అన్నది అన్నట్టుగా తయారవుతుంది. అప్పుడు ఆ బండిని అమ్మాలన్నా కుదరదు. చనిపోయినాయన సంతకంతో ఉన్న పాత ఖాళీ ఫారాలు వాడుదామని సలహా ఇచ్చేవారు మాత్రం ఆ వీధిలోనే దొరుకుతారు. అది ఫోర్జరీ కేసు అవుతుందని వారు చెప్పరు.

ఇప్పటికే బండి అమ్మేసి, పేరు మారిందో లేదో తెలియనివారు చేయగలిగింది లేకపోలేదు. తమ పాత బండి నంబరుతో యజమాని పేరు ఎవరిదని వస్తోందో ముందు చూసుకోవాలి. ఇంకా తమ పేరే ఉంటే, అమ్మకం పత్రం నకలు జతచేసి ఫారం 29 కింద రిజిస్టరు చేసిన ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. కొన్నవారికి కూడా లాయరు ద్వారా నోటీసు ఇవ్వాలి. దీనివల్ల బాధ్యత మొత్తం తొలగిపోతుందని చెప్పడానికి లేదు, 2018 తీర్పు తర్వాత పేరు మారడం ఒక్కటే పూర్తి రక్షణ. కాని బండి ఏదైనా నేరంలో పట్టుబడినప్పుడు పోలీసుల ముందు పెట్టడానికి ఒక కాగితమన్నా చేతిలో ఉంటుంది. నాలుగేళ్ళ కిందట లారీ అమ్మిన రైతు ఫోనుకు ఈ రోజుకీ ఏదో టోల్‌గేటు దగ్గరి చలానా సందేశం వస్తుంటే, అది పొరపాటున వచ్చింది కాదు, ఆ బండి ఇంకా ఆయన పేరు మీదే తిరుగుతోంది.